అనువాదం కాని పదకొండు సెకన్లు

నాలుగు గంటలకి లారీ బయల్దేరుతుంది. ఇప్పుడు టైం పదకొండున్నర.

లారీ మీద కంటెయినర్, కంటెయినర్లోకి ఎక్కాల్సినవి నలభై మూడు పెట్టెలు. తొమ్మిదో పెట్టెలో మా అన్నయ్య గొంతు ఉంది. అది ఓడెక్కి సముద్రం దాటిపోయిందంటే ఇంక ఈ జన్మలో వినలేను.

నాకు కావలసింది మొత్తం నాలుగు గంటల రికార్డింగ్ కూడా కాదు. ఆఖర్లో పదకొండు సెకన్లు.

శాంతి మిషన్ ఆఫీసుకి అదే ఆఖరి రోజు. యుద్ధం ఆగిన ఏడాది వచ్చారు, పదకొండేళ్ళు ఉన్నారు. గోడల మీద పోస్టర్లు ఊడదీసేసరికి వాటి కింద రంగు కొత్తగా బయటపడి, గదులన్నీ అతుకులేసిన చొక్కాల్లా ఉన్నాయి. కుర్చీలు వేలం వేశారు. అందరం నిలబడే పని చేస్తున్నాం.

ఈ ఆఫీసుకి పెద్ద అధికారిగా మగవాళ్ళొస్తే దొర, ఆడవాళ్ళొస్తే దొరసాని. వాళ్ళ ఎదురుగా కాదు, మాలో మేం అనుకునే మాట. మా తాత కాలంలో ఈ ఊరిని ఏలినవాళ్ళని అలాగే పిలిచేవారట. వాళ్ళు వెళ్ళిపోయి అరవై ఏళ్ళయినా ఆ పిలుపు ఖాళీగా పడి ఉంది. వీళ్ళు రాగానే కొలిచి కుట్టినట్టు సరిపోయింది. మా తాత పాత దొరలకి దుబాసీ. నేను కొత్త దొరలకి.

"మనింటికి దొరలు బాగా అచ్చొచ్చారే చిలకా," అని ఏడిపించేవాడు అన్నయ్య. చిన్నప్పుడు ఎవరేమన్నా తిరిగి అప్పజెప్పేదాన్నని ఆ పేరు తగిలించాడు. బస్సు డ్రైవరు. మామూలుగా మాట్లాడినా వెనక సీటు దాకా వినపడేది.

నా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

సాక్షి హాల్లో కూర్చుని మైకులో మా భాషలో మాట్లాడతాడు. నేను వెనక అద్దాల గదిలో, హెడ్‌ఫోన్ పెట్టుకుని, అతను మాట్లాడుతుండగానే వాళ్ళ భాషలో చెప్పేస్తాను. 'అతను చూశాడట' అనకూడదు. 'నేను చూశాను' అనాలి. అది రూలు. ఒక రోజు ఇల్లు కాలిన ముసలాయన్ని, మర్నాడు కొడుకుని పోగొట్టుకున్న తల్లిని. అన్నీ నేనే. చిత్రం ఏంటంటే, పని అయ్యాక ఒక్క మాటా గుర్తుండదు. నీళ్ళు గొట్టంలోంచి వెళ్ళినట్టు వెళ్ళిపోతాయి. ఈ పని చేసేవాళ్ళెవర్నడిగినా ఇదే చెబుతారు.

తొమ్మిదేళ్ళ క్రితం సాక్షి నంబరు 212గా మా అన్నయ్య వచ్చి కూర్చున్నాడు.

యుద్ధం రోజుల్లో వంతెన దగ్గర తుపాకులవాళ్ళు ఆపిన బస్సు అతనిదే. ముప్పై ఒక్క మందిని దింపారు. వాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు. డ్రైవర్ని మాత్రం ఖాళీ బస్సుతో వెనక్కి పంపారు, ఊళ్ళో వాళ్ళకి తెలియాలి కదా అని. ఆ దింపిన వాళ్ళెవరో అన్నయ్య చూశాడు. అదే చెప్పడానికి వచ్చాడు. బంధువుల సాక్ష్యం దుబాసీ చెప్పకూడదని రూలుంది. ఆ రోజు ఇంకో దుబాసీ లేదు. నేను నోరు మూసుకుని అద్దాల గదిలోకి వెళ్ళాను. అన్నయ్య నన్ను చూసి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు నమస్కారం పెట్టాడు.

నాలుగు గంటలు అన్నయ్యనై మాట్లాడాను. అయ్యాక అన్నయ్య ముందు గేటు నుంచి వెళ్ళాడు. నేను వెనక గేటు నుంచి వెళ్ళాను. అన్నయ్య ఇంటికి చేరలేదు.

తర్వాత వాళ్ళ రిపోర్టు వచ్చింది, మూడొందల పేజీలు. వంతెన గురించి ఒకటిన్నర పేజీ. 'ఇరు పక్షాల మధ్య నమ్మకం పెరగాలి' అని తేల్చి, వంతెన పక్కన ఒక పార్కు కట్టించారు. సాక్షి 212 చెప్పినదాని చివర బ్రాకెట్లో ఒక లైను ఉంది: 'సాక్షి వ్యక్తిగతంగా ఒక మాట అన్నాడు, పదకొండు సెకన్లు. అనువాదం కాలేదు.'

ఆ మాటేమిటో నాకు గుర్తు లేదు.

తనని కాపాడమని అడిగాడా? బయట ఎవరో ఉన్నారు, ఈ దొరల్ని తోడు పంపమను అన్నాడా? నేను అలిసిపోయి అది వదిలేశానా? అసలు రోజూ ముందు గేటు నుంచి వెళ్ళేదాన్ని, ఆ రోజు వెనక గేటుకి ఎందుకు తిరిగాను? తొమ్మిదేళ్ళుగా రోజుకి ఒకసారైనా అడుగుతున్నాను. నన్ను నేనే.

*

దొరసాని చెడ్డ మనిషి కాదు. అదే ఇబ్బంది. చెడ్డ మనిషైతే పోట్లాడొచ్చు.

"రికార్డింగులు వినడానికి పద్ధతి ఉంది," అంది వాళ్ళ భాషలో, నవ్వుతూ. నేలమీద కూర్చుని సొరుగులోంచి కాగితాలు తీసి చింపుతోంది. "సాక్షి గానీ, సాక్షి చనిపోతే భార్యాబిడ్డలు గానీ ఈ ఫారం నింపి మా హెడ్డాఫీసుకి పంపాలి. ఆరు నెలల్లో జవాబొస్తుంది."

"సాక్షి చనిపోయాడో లేదో తెలియకపోతే మేడమ్?"

"అప్పుడు చనిపోయినట్టు ఒక పత్రం జతచేయాలి."

"తెలియదు కదా మేడమ్."

"అందుకే పత్రం కావాలి," అంది ఓపిగ్గా. "ఇవన్నీ మీ మంచికే. అక్కడ చల్లటి గదుల్లో, దుమ్ము లేకుండా, వందేళ్ళు భద్రంగా ఉంటాయి."

"ఎవరి నుంచి భద్రంగా?"

చింపుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "ఇంతకీ ఎవరి కోసం అడుగుతున్నారు?"

చెల్లెలినని చెప్పొచ్చు. చెప్పిన మరుక్షణం అన్నయ్య సాక్ష్యం చెల్లకుండా పోతుంది. దుబాసీ బంధువైతే ఆ సాక్ష్యాన్ని కొట్టేస్తారు. ఆ ముప్పై ఒక్క మంది గురించి ఈ భూమ్మీద మిగిలింది ఆ ఒకటిన్నర పేజీ ఒక్కటే.

"డ్రైవరు భార్య తెలిసినావిడ," అన్నాను.

"ఇవాళ మధ్యాహ్నం రెండులోపు సంతకంతో తెస్తే నేనే తీసుకెళ్ళి అక్కడ ఇస్తాను." ఫారం నా చేతిలో పెట్టింది. దళసరి కాగితం, పద్నాలుగు పేజీలు. అంతా వాళ్ళ భాషలోనే.

*

వదిన దర్జీ కొట్టు మా ఆఫీసుకి రెండు వీధుల అవతల. నేను వెళ్ళేసరికి స్కూలు యూనిఫారాల కుప్ప మధ్య కూర్చుని మిషన్ తొక్కుతోంది. నోట్లో రెండు గుండుసూదులు.

"ఏం, మీ దొరలింకా వెళ్ళలేదా?" అంది సూదులు తియ్యకుండానే.

"నాలుగింటికి. వదినా, ఒక్క సంతకం కావాలి."

ఫారం తీసుకుని, తిప్పి, కాగితం మందం వేళ్ళతో చూసింది. "ఏం రాశారు ఇందులో?"

చెప్పాను. వాళ్ళ మాట ఉన్నదున్నట్టు చెప్పడమే కదా నా పని. పన్నెండో పేజీలో పత్రం సంగతి కూడా చెప్పాను.

మిషన్ ఆగింది. సూదులు నోట్లోంచి తీసి దిండుకి గుచ్చింది.

"చచ్చిపోయాడని రాసిస్తే గొంతు ఇస్తారు. బతికున్నాడంటే ఇవ్వరు. అంతేనా?"

"అంతే."

"మొగుడి మాట వినాలంటే మొగుణ్ణి నా చేత్తో చంపాలన్నమాట. ఎంత తెలివైనవాళ్ళే! చదువుకున్నవాళ్ళు అని అందుకే అంటారు."

"కాగితం కోసమే కదా వదినా. కాగితం మీద రాస్తే నిజమైపోతుందా?"

"నిజం కాకపోతే వాళ్ళెందుకు అడుగుతున్నారు?" కొలతల పుస్తకం నా ముందుకి తోసింది. మొదటి పేజీ అన్నయ్యది. ఛాతీ నలభై, చెయ్యి ఇరవై నాలుగు. దాని మీద పెన్సిల్‌తో కొట్టేసి మళ్ళీ రాసిన అంకెలు. "ఏడాదికోసారి పొట్ట దగ్గర అరంగుళం వదులు రాస్తున్నా. ఈ వయసుకి వస్తుంది కదా పొట్ట. కొట్టేసుకోమంటావా ఈ పేజీ?"

ఆవిడ మళ్ళీ సూదులందుకుంది. నా వైపు చూడకుండా అడిగింది.

"రోజూ ముందు గేటు నుంచే వచ్చేదానివి. అక్కణ్ణుంచి బస్టాండు దాకా నీ దారీ ఆయన దారీ ఒకటే. ఆ రోజొక్కరోజు ఆయనతో ఎందుకు రాలేదే?"

తొమ్మిదేళ్ళలో ఈ ప్రశ్న రెండుసార్లు అడిగింది. అన్నయ్య రాని రాత్రి ఒకసారి. ఇది రెండోసారి. మధ్యలో ప్రతి ఆదివారం అన్నం పెట్టింది, నా జాకెట్లన్నీ తనే కుట్టింది, ఒక్కసారి ఎత్తలేదు. అడగదు కాబట్టే ఆ ప్రశ్న ఎప్పుడూ ఆ కొట్లోనే ఒక స్టూలు వేసుకుని కూర్చునుండేది.

"తెలియదు వదినా," అన్నాను.

"తెలుసుకుని చెప్పు," అని మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. ఫారం అక్కడే ఉండిపోయింది.

*

రెండు గంటలు. సంతకం లేదు. మిగిలింది దొంగతనం.

రికార్డింగ్ గది చూసేది మా వైర్ల బాబాయి. నిజానికి నాకేమీ బాబాయి కాడు, ఆఫీసు మొత్తానికీ బాబాయే. ఎప్పుడు చూసినా మెడలో రెండు వైర్లు వేలాడుతుంటాయి. పదకొండేళ్ళుగా నాకూ ఆయనకీ ఒకటే గొడవ. నాకు హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకునే అలవాటు. రెండో చెవికి నా గొంతు నాకు వినపడకపోతే మాట తూలుతుంది. అలా ఖాళీగా వదిలేసిన పక్క నుంచి శబ్దం కారి నా మైకులో పడుతుందని ఆయన ఏడుపు. "చెవి!" అని అరిచేవాడు తలుపు దగ్గర్నుంచి. నేను పెట్టుకునేదాన్ని. ఆయన అటు తిరగగానే తీసేసేదాన్ని.

"బాబాయ్, తొమ్మిదో పెట్టె సీలు తియ్యాలి."

"పిచ్చా?"

"212 కావాలి."

ఆయన మెడలో వైరు సర్దుకున్నాడు. "మీ అన్నయ్యదా?"

ఈ ఆఫీసులో ఆ సంగతి తెలిసినవాళ్ళెవరూ లేరనుకున్నాను.

"నీకెలా తెలుసు?"

"తెలుసులే. తొమ్మిదేళ్ళుగా తెలుసు. ఎలాగన్నది తర్వాత." గొంతు తగ్గించాడు. "అసలు కాసెట్లు లేవమ్మాయ్. రెండేళ్ళ క్రితం బయటి నుంచి ముగ్గురొచ్చి అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. నన్ను ఆ పది రోజులూ సెలవు పెట్టుకోమన్నారు. కాసెట్లు చెరిపి, శిక్షణ తరగతులకి వాడేశారు."

"ఏ తరగతులు?"

"'ఎదుటి మనిషి మాట వినడం ఎలా' అని, ఒక వారం పెట్టారు చూడు, బిస్కెట్లిచ్చి. దానికి." నవ్వలేదు. "పెట్టెలో ఉన్నది ఒక డిస్కు. సీలు వేసింది నేనే, మళ్ళీ వేసేదీ నేనే. తీసి, 212 ఎక్కించుకుని, మూసెయ్యడానికి ఇరవై నిమిషాలు కావాలి. కానీ ఆవిడ పావుగంటకోసారి వచ్చి పెట్టెలు లెక్కపెట్టి పోతోంది."

"మూడింటికి వీడ్కోలు సభ. అందరూ హాల్లోనే ఉంటారు."

"ఆవిడ మాట్లాడేది అయిదు నిమిషాలే. కాగితం చూశా."

"నువ్వు మైకు ఆన్ చేసి వచ్చెయ్యి," అన్నాను. "మిగతా పదిహేను నిమిషాలు నావి."

*

సభకి అరవై, డెబ్బై మంది వచ్చారు. ఆఫీసు వాళ్ళు కొందరు. మిగతా వాళ్ళంతా ఏదో ఒక రోజు ఆ హాల్లో మైకు ముందు కూర్చున్నవాళ్ళు. ఒక్కొక్కరినీ చూస్తూ పోయాను. ఒక్కో రోజు నేను వీళ్ళలో ఒక్కొక్కరిని. వాళ్ళ కథలు నాకు గుర్తు లేవు, మొహాలు తెలుసు.

దొరసాని నిలబడింది. పక్కనే నేను. ఆవిడ రెండు వాక్యాలు చెప్పి ఆగుతుంది, నేను మా భాషలో చెప్పాలి.

"ఈ రోజు మాకు సంతోషమూ బాధా రెండూ ఉన్నాయి," అంది ఆవిడ.

నేను మొదలుపెట్టాను. సంతోషం ఎందుకో చెప్పాను, బాధ ఎందుకో చెప్పాను. మొదటి ఏడాది వర్షానికి ఈ హాలు కప్పు కారితే గొడుగుల కింద సాక్ష్యం తీసుకున్న సంగతి చెప్పాను. నమ్మకం పెంచే తరగతిలో ఎర్ర కాగితాలూ నీలం కాగితాలూ పంచి, నీలం కాగితం వాళ్ళు ఎర్ర కాగితం వాళ్ళని కౌగిలించుకోవాలంటే, ఇద్దరు అన్నదమ్ములే ఎదురుపడి తెల్లమొహాలేసిన సంగతి చెప్పాను. జనం పగలబడి నవ్వారు.

దొరసాని నా వైపు వంగింది. "నేనన్నది ఒక్క వాక్యం కదా?"

"మా భాష కొంచెం పొడుగు మేడమ్."

గోడ గడియారంలో ఆరు నిమిషాలు గడిచాయి.

"మీ సాక్ష్యాలు ఇప్పుడు ప్రపంచానివి," అంది ఆవిడ. "వాటిని జాగ్రత్తగా చూసుకుంటాం."

పదకొండేళ్ళలో నేను ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తియ్యలేదు. తీశానేమోనన్న అనుమానం ఒక్కటే ఉంది, ఆ పదకొండు సెకన్లది. నోరు తెరిచాను. టైం లాగడానికే తెరిచాను, ఒట్టు. ఏమొస్తుందో నాకు తెలియదు.

"మేడమ్ ఏమంటున్నారంటే," అన్నాను, "మీరు ఈ కుర్చీలో కూర్చుని చెప్పినవన్నీ మేం పట్టుకెళుతున్నాం. మిమ్మల్ని అడగకుండానే. మీకొక కాపీ ఇవ్వాలన్న ఆలోచన మాకు రాలేదు. చెప్పింది మీరు, ఏడ్చింది మీరు, తాళం మాది. మీకు వినాలనిపిస్తే మా భాషలో అర్జీ పెట్టుకోమన్నాం. పార్కు కట్టాం, ఎవరు దింపారో మాత్రం రాయలేదు. అది తప్పు. తప్పయిందని ఇవాళ ఒప్పుకుంటున్నాను."

మూడో వరసలో ఒక పెద్దావిడ లేచి నిలబడింది. ఏదో అనబోయి, అనలేక, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి కూర్చుంది. ఇంకొకాయన లేచాడు. తర్వాత అందరూ లేచారు. చప్పట్లు లేవు. ఊరికే నిలబడ్డారు, ఎంతసేపో.

దొరసాని కళ్ళు తడిశాయి. "ఏమయింది? నేనేమన్నానని?"

"మంచి మాటన్నారు మేడమ్," అన్నాను. "వాళ్ళు చాలాకాలంగా దాని కోసం ఎదురుచూస్తున్నారు."

గడియారంలో మూడూ ఇరవై రెండు. హాలు తలుపు దగ్గర బాబాయి కనపడి మెడలో వైరు ఒకసారి సర్దుకున్నాడు. పని అయిపోయింది.

*

రికార్డింగ్ గదిలో ఆయన సొంత లాప్‌టాప్ ఒక్కటే మిగిలింది. తొమ్మిదో పెట్టె సీలుతో సహా లారీ ఎక్కేసింది. నాకు హెడ్‌ఫోన్ ఇచ్చాడు. ఈసారి రెండు చెవులకీ పెట్టుకున్నాను.

మొదలు నుంచి పెట్టాడు.

"నేను బస్సు డ్రైవర్ని," అంది ఒక ఆడగొంతు, వాళ్ళ భాషలో. "పదిహేడేళ్ళుగా ఆ దారిలోనే తోలుతున్నాను."

నా గొంతు. తొమ్మిదేళ్ళు చిన్నది. రికార్డింగులో ఎడమ పక్క దుబాసీ గొంతు, కుడి పక్క సాక్షి గొంతు విడివిడిగా ఎక్కేవి.

"ఇది ఎడమ పక్కది బాబాయ్. అన్నయ్యది కుడి పక్క ఉంటుంది."

ఆయన ఏదో నొక్కాడు. ఇంకేదో నొక్కాడు. స్క్రీన్ మీద రెండు గీతలు ఉండాల్సినచోట ఒకటే గీత. ఆయన మొహం చూస్తేనే అర్థమైంది.

"ఎక్కించలేదు," అన్నాడు. "సాక్షి పక్క ఎక్కించలేదమ్మాయ్. వాళ్ళకి అర్థంకాని భాష కదా. సగం చోటు మిగులుతుందని నీ పక్క ఒక్కటే ఎక్కించారు. అన్నీ అంతే అయ్యుంటాయి. మొత్తం అందరివీ."

నలభై మూడు పెట్టెలు. వాటిలో ముసలాయనా లేడు, తల్లీ లేదు, అన్నయ్యా లేడు. అన్నిట్లో నేనే. 'నేను చూశాను, నేను విన్నాను, నా కొడుకు' అంటూ ఒక్కతినే వాగుతూ సముద్రం దాటిపోతున్నాను.

"చివరికి పోనియ్," అన్నాను.

పోనిచ్చాడు. "...అంతే. నేను చూసింది అదే," అంది నా గొంతు. తర్వాత నిశ్శబ్దం. దూరంగా, "చెవి!" అని బాబాయి అరుపు. మళ్ళీ నిశ్శబ్దం. లెక్కపెట్టాను. పదకొండో సెకనుకి నా గొంతు మళ్ళీ వచ్చింది. మా భాషలో. ఆ నాలుగు గంటల్లో నేను మా భాషలో అన్న ఒకే ఒక్క మాట.

"సరే అన్నయ్యా."

హెడ్‌ఫోన్ తీసేశాను.

"అదీ సంగతి," అన్నాడు బాబాయి మెల్లగా. "ఆ రోజు నీ చెవి కోసం తిట్టడానికి తలుపు దగ్గరికొచ్చా. 'సరే అన్నయ్యా' అన్నావు. మర్నాడు ఆయన కనపడట్లేదని తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ సాక్ష్యం కాగితం చింపేస్తారు కదా."

"దేనికి సరే అన్నాను బాబాయ్? దేనికి?"

అప్పుడే తలుపు తెరుచుకుంది. దొరసాని. నాకు వీడ్కోలు చెప్పడానికి వచ్చింది. నా కళ్ళూ, చేతిలో హెడ్‌ఫోనూ చూసింది.

"ఏం వింటున్నారు?"

"నా గొంతే మేడమ్," అన్నాను. అబద్ధం కాదు.

ఆవిడ నవ్వింది. "ఇక్కడికి రాకముందు మీ రికార్డులన్నీ విన్నాను. ఎంత బాగా చెప్పేవారంటే, సాక్షి ఒకరున్నారన్న సంగతే మర్చిపోయేదాన్ని. ఒకటే లోపం. మీరు ఆగినప్పుడల్లా వెనక దోమలా ఏదో గొణుగుడు. హెడ్‌ఫోన్ సరిగ్గా పెట్టుకునేవారు కాదనుకుంటాను. శుభ్రం చేయించమని రాశాను గానీ, టైం చాలలేదు." నా భుజం తట్టి, టైం చూసుకుంటూ వెళ్ళిపోయింది.

బాబాయి నా వైపు చూశాడు. నేను బాబాయి వైపు చూశాను.

"చెవి," అన్నాడు. ఈసారి అరవలేదు.

ఆ పదకొండు సెకన్లు మాత్రమే కత్తిరించి, శబ్దం ఆ చివరికంటా పెంచాడు. బయట లారీ స్టార్టయింది. లాప్‌టాప్‌లో గాలి హోరు. ఆ హోరు వెనక, నేను వదిలేసిన చెవి పక్క నుంచి కారిన గొంతు, సన్నగా. వెనక సీటు దాకా వినపడే గొంతు చీమంత అయిపోయి ఉంది. అయినా అన్నయ్యదే.

"చిలకా, ఇది వాళ్ళకి చెప్పకు. ముందు గేటు దగ్గర జీపుంది. నువ్వు నాతో రాకు, వెనక నుంచి వెళ్ళిపో. మీ వదిన అడిగితే నేనే వద్దన్నానని చెప్పు."

"సరే అన్నయ్యా."

ఒక చెవిలో అన్నయ్య, ఒక చెవిలో బాబాయి. మాట గొట్టంలోంచి నీళ్ళలా వెళ్ళిపోయింది. కానీ కాళ్ళు విన్నాయి. ఆ రోజు వెనక గేటుకి తిరిగింది అందుకే.

బయట లారీ గేటు దాటిన చప్పుడు. టైం నాలుగు.

*

వదిన కొట్లో లైటు వేసుంది. బల్ల మీద ఫారం లేదు. దళసరి కాగితాలు రెండు మూడు, కాలర్ ఆకారంలో కత్తిరించి, యూనిఫారం గుడ్డ మీద పెట్టి సుద్దముక్కతో గీస్తోంది.

"మంచి కాగితం," అంది. "వంగట్లేదు."

నా ఫోన్‌కి ఇయర్‌ఫోన్స్ తగిలించాను. బాబాయి అందులోకి ఎక్కించి ఇచ్చాడు.

"వదినా, ఆ రోజు ఎందుకు రాలేదని అడిగావు కదా."

సుద్దముక్క ఆగింది.

"అన్నయ్య నీకొక మాట చెప్పమన్నాడు. తొమ్మిదేళ్ళు లేటయింది."

ఇయర్‌ఫోన్ ఒకటి ఆవిడ చెవిలో పెట్టాను. రెండోది నా చెవిలో. వైరు పొట్టి, తలలు దగ్గరికి రావలసి వచ్చింది. పదకొండు సెకన్లు. ఆవిడ కళ్ళు గోడ మీద ఒక్కచోటే ఉన్నాయి. అయిపోయాక కూడా అక్కడే ఉన్నాయి.

"ఇంత మెల్లగా ఎప్పుడూ మాట్లాడలేదు ఈ మనిషి," అంది చివరికి.

"నా మైకులో పడింది అంతే వదినా."

"జీపుందని తెలిసీ ముందు గేటు నుంచే వెళ్ళాడు."

"ఊఁ."

"ఇద్దరూ వెనక నుంచి వెళ్ళొచ్చుగా?"

జవాబు తనే చెప్పుకుంది. "ఇద్దరూ అటు వెళితే జీపువాళ్ళు వెనక గేటుకి కూడా వచ్చేవాళ్ళు. నిన్ను చూసేవాళ్ళు." చెంగుతో మొహం తుడుచుకుని, నా తల మీద చెయ్యి వేసి, ఒకసారి గట్టిగా నొక్కింది. తొమ్మిదేళ్ళుగా అక్కడ కూర్చున్న ప్రశ్న స్టూలు తీసుకుని వెళ్ళిపోయింది.

"ఇంకేమైనా అన్నాడా? ఎప్పుడొస్తాననో, ఏమో..."

దుబాసీని. లేని మాట కలపకూడదు. ఇవాళ ఒకసారి కలిపాను, ఇక్కడ కూడా కలపొచ్చు. కలిపితే ఆవిడ నమ్ముతుంది.

"అనలేదు వదినా."

తల ఊపింది. కొలతల పుస్తకం మొదటి పేజీ తీసి, దాని మీద సుద్దముక్క బరువు పెట్టింది. జారిపోతున్న ఇయర్‌ఫోన్ చెవిలోకి నొక్కుకుంది.

"మళ్ళీ పెట్టు," అంది.